జెండాలో మూడు చెరకు గడలు

కిందటేడు మన ఉగాది వేడుకల్లో పిల్లల చేత ‘తెలుగువారున్న దేశాల పతాకాల ఊరేగింపు’ చేయించాలని మన సాంస్కృతిక కమిటీ వారు సంకల్పించారు. మంచి ఆలోచనే. కాని పిల్లల కార్యక్రమం అంటే తల్లిదండ్రులకు హోంవర్కు అని ఇక్కడ పిల్లల్ని పెంచుతున్న మనందరికీ తెలిసిన సంగతే కదా! చీటీలు తీశారు. మా మిత్రుల అబ్బాయికి సింగపూరు వచ్చింది. ఎరుపు, తెలుపు, ఒక నెలవంక, అయిదు నక్షత్రాలు. అరగంటలో పని ముగిసింది. మా అమ్మాయికి ఫిజీ వచ్చింది.

ఆ జెండా బొమ్మ చూడగానే మా ఆవిడ, “ఇది జెండానా, పెరటి తోటా?” అంది. లేత నీలం గుడ్డ, ఒక మూల బ్రిటిషు జెండా, రెండో పక్క ఒక డాలు, ఆ డాలు నిండా సింహం, చెరకు, కొబ్బరి చెట్టు, పావురం, అరటి గెల. రెండు రాత్రులు మా భోజనాల బల్ల మీద రంగులే తప్ప భోజనాలు లేవు. రెండో రాత్రి చెరకు గడలకు ఆకుపచ్చ రంగు వేస్తూ మా అమ్మాయి తలెత్తి అడిగింది: “నాన్నా, తెలుగువాళ్ళున్న దేశమనే కదా ఇది మనకిచ్చారు? మరి ఇందులో మనవాళ్ళెక్కడ?”

నేను వృత్తిరీత్యా వైద్యుణ్ణి. పదో తరగతి తరవాత చరిత్ర పుస్తకం ముట్టుకున్న పాపాన పోలేదు. “తరవాత చెప్తాలేమ్మా” అని ఆ పూటకి తప్పించుకున్నాను. కాని ప్రశ్న నన్ను వదల్లేదు. ఏడాది పాటు వీలున్నప్పుడల్లా చదివి తెలుసుకున్నది ఈ వ్యాసంగా రాస్తున్నాను. పిల్లకి పడ్డ బాకీ ఈ విధంగా తీర్చుకుంటున్నానని పాఠకులు గ్రహించ ప్రార్థన.

డాలు మీద ఏముంది?

ముందు జెండాను ఒకసారి తీరిగ్గా చూద్దాం. నేల రంగు లేత నీలం. అది పసిఫిక్ మహాసముద్రం. పై ఎడమ మూల ఉన్నది బ్రిటిషు వారి యూనియన్ జాక్. కుడి వైపున ఉన్న డాలు పై భాగం ఎర్రటి పట్టీ. దాని మీద బంగారు రంగు సింహం నడుస్తూ, ముందు కాళ్ళతో ఒక కోకో కాయను పట్టుకుని ఉంటుంది. సింహం ఇంగ్లండు రాచరికానికి గుర్తు. పట్టీ కింద తెల్లటి నేలను ఎర్రటి శిలువ నాలుగు గదులుగా చేస్తుంది. ఆ శిలువ కూడా ఇంగ్లండుదే, సెయింట్ జార్జి శిలువ. మొదటి గదిలో మూడు చెరకు గడలు, రెండో గదిలో కొబ్బరి చెట్టు, కింద మూడో గదిలో ముక్కున ఆలివ్ కొమ్మ పట్టుకుని ఎగురుతున్న పావురం, నాలుగో గదిలో అరటి గెల.

ఈ డాలును 1908 జూలై 4న లండన్ నుంచి ఒక రాజపత్రం ద్వారా ఫిజీ వలసకు ప్రసాదించారు. జెండా మాత్రం ఈ రూపంలో 1970 అక్టోబరు 10న, స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఎగిరింది. అంటే దేశం కొత్తది, జెండా కొత్తది, డాలు మాత్రం పాతది అన్నమాట.

ఇప్పుడు నాలుగు గదుల్నీ మళ్ళీ చూడండి. చెరకు, కొబ్బరి, అరటి, పైన కోకో. ఇవన్నీ ఓడలకెక్కి బయటి దేశాలకు పోయే సరుకులు. వీటి మధ్య సరుకు కానిది ఒక్క పావురమే. ఆ పావురం ఎక్కడి నుంచి వచ్చిందని వెతుకుతూ పోతే నేను అనుకోకుండా మన షాంటిలీకే వచ్చి చేరాను. ఎలాగో మనవి చేస్తాను.

షాంటిలీకీ ఫిజీకీ చుట్టరికం

బ్రిటిషు వారు రాకముందు ఫిజీలో ఎందరో దొరలు ఉండేవారు. వారిలో బౌ అనే చిన్న దీవికి చెందిన థాకొంబౌ బలవంతుడు. 1849 జూలై 4న నుకులౌ అనే దీవిలో అమెరికా వాణిజ్య ప్రతినిధి జాన్ బ్రౌన్ విలియమ్స్ మన ఫోర్త్ ఆఫ్ జూలై పండగ చేసుకుంటుండగా ఫిరంగి పేలి ఇంటికి నిప్పంటుకుంది. కాలిన ఇంట్లోని సామాను స్థానికులు పట్టుకుపోయారు. విలియమ్స్ నష్టపరిహారం కోరాడు. మిగతా అమెరికన్ల ఫిర్యాదులు కూడా కలుపుకుని ఆ లెక్క చక్రవడ్డీలా పెరిగి 40,000 డాలర్లు దాటింది. ఆ దీవులన్నిటికీ నువ్వే రాజువని చెప్పి బాకీ మొత్తం థాకొంబౌ నెత్తిన పెట్టారు. అమెరికా యుద్ధనౌకలు వచ్చి బెదిరించి వెళ్ళాయి. మన కాంప్లెక్సులో ఫోర్త్ ఆఫ్ జూలైకి పిల్లలు టపాకాయలు కాలుస్తుంటే ఇప్పుడు నాకు నుకులౌ గుర్తుకొస్తోంది.

రెండో ముడి ఇంకా దగ్గరిది. ఫెయిర్ ఓక్స్ మాల్‌కి వెళ్ళే దారిలో, వెస్ట్ ఆక్స్ రోడ్డు పక్కన ఆక్స్ హిల్ యుద్ధభూమి పార్కు ఉంది. మనలో చాలామంది దాని ముందు నుంచి వందసార్లు వెళ్ళి ఉంటాం, ఆగి ఉండం. 1862 సెప్టెంబరు 1న అంతర్యుద్ధంలో అక్కడ, ఉరుములు మెరుపులతో కురుస్తున్న వానలో జరిగిన పోరాటాన్నే చరిత్రలో షాంటిలీ యుద్ధం అంటారు. ఉత్తరాది సేనాని ఐజాక్ స్టీవెన్స్ తన పాత దళం జెండా నేలకొరగడం చూసి, దాన్ని తానే ఎత్తి పట్టుకుని ముందుకు ఉరికి, జెండా చేతిలో ఉండగానే తుపాకీ గుండుకు ప్రాణం విడిచాడు. కిందటి వేసవిలో మా అమ్మాయిని అక్కడికి తీసుకెళ్ళి ఈ కథ చెప్పాను. జెండా అంటే బొమ్మ గీసే హోంవర్కు మాత్రమే కాదని దానికి అక్కడ కొంత అర్థమైందనుకుంటాను.

ఆ యుద్ధం వల్ల అమెరికా దక్షిణాది పత్తి బయటి దేశాలకు పోవడం ఆగిపోయింది. ప్రపంచంలో పత్తి ధర ఆకాశాన్నంటింది. మన గుంటూరు ప్రాంతంలో పత్తి ధరలు పెరిగినట్టే, ఎక్కడో పసిఫిక్‌లో ఉన్న ఫిజీకి కూడా ఆస్ట్రేలియా, న్యూజీలండ్‌ల నుంచి తెల్లవారు పత్తి పండించడానికి ఎగబడ్డారు. యుద్ధం ముగిసి అమెరికా పత్తి మళ్ళీ సంతకు రాగానే ధర పడిపోయింది. వచ్చినవారు అప్పుల పాలయ్యారు గాని వెనక్కి పోలేదు. వారికీ స్థానికులకూ మధ్య తగవులు పెరిగాయి.

ఆ గందరగోళంలోనే 1871లో థాకొంబౌ రాజుగా ఒక ప్రభుత్వం ఏర్పడింది. నీలం, తెలుపు నిలువు పట్టీల మధ్య ఎర్ర డాలు, డాలులో తెల్ల పావురం, పైన కిరీటం. అది ఆ రాజ్యపు జెండా. మూడేళ్ళే బతికింది. అప్పులూ తగవులూ తట్టుకోలేక 1874 అక్టోబరు 10న లెవుకా పట్టణంలో థాకొంబౌ, ఇతర దొరలు సంతకాలు చేసి దీవుల్ని విక్టోరియా రాణికి అప్పగించారు. రాజ్యం పోయినా దాని పావురం మాత్రం 1908 నాటి డాలులో ఒక గది సంపాదించుకుంది. జెండాలో ఫిజీ వాళ్ళు తమకు తాము ఎంచుకున్న గుర్తు అదొక్కటే.

మూడు గడల వెనక

అప్పగింత జరిగిన మూడు నెలలకే, 1875 జనవరిలో, సిడ్నీ వెళ్ళివచ్చిన థాకొంబౌ ఓడతో పాటు పొంగు జ్వరం, అంటే మీజిల్స్, ఫిజీలో దిగింది. అంతకు ముందెన్నడూ ఆ రోగం ఎరగని జనం. దాదాపు 40,000 మంది చనిపోయారు. వైద్యుడిగా నేను ఆ పేజీ రెండుసార్లు చదివాను. ఆ ఏడాదే వచ్చిన మొదటి గవర్నరు ఆర్థర్ గోర్డన్ స్థానికుల్ని తోటల్లో కూలికి పెట్టకూడదనీ, వారి భూములు అమ్మకూడదనీ కట్టడి చేశాడు. మంచి పనే. మరి వలస ఖర్చులు ఎలా గడవాలి? చెరకు వేయాలి. చెరకుకు కూలీలు కావాలి. అంతకు ముందు మారిషస్, ట్రినిడాడ్‌లలో గవర్నరుగా చేసిన గోర్డన్‌కి కూలీలు ఎక్కడ దొరుకుతారో బాగా తెలుసు.

అలా 1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ కలకత్తా నుంచి మొదటి భారతీయుల్ని ఫిజీకి చేర్చింది. అది మొదలు 1916 దాకా 60,000 మందికి పైగా వెళ్ళారు. సిడ్నీకి చెందిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ మిల్లు మీద మిల్లు కట్టింది: 1882లో నౌసోరి, 1886లో రరవై, 1894లో లంబాసా, 1903లో లౌతోకా.

ఆ 1903లోనే మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు మొదలయ్యాయి. మద్రాసు నుంచి వెళ్ళినవారు 15,000 మంది పైచిలుకు. ఉత్తర ఆర్కాటు, మద్రాసు, కృష్ణా, గోదావరి, విశాఖపట్నం, తంజావూరు, మలబారు, కోయంబత్తూరు జిల్లాల వారు. మన చిత్తూరు తాలూకాలు 1911 దాకా ఉత్తర ఆర్కాటులోనే ఉండేవని మరిచిపోకూడదు. మా కృష్ణా జిల్లా ఊళ్ళలో ‘రంగం వెళ్ళాడు’ అంటే రంగూన్ వెళ్ళాడని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఫిజీ వెళ్ళాడన్న మాట మా నాయనమ్మ నోట ఏనాడూ వినలేదు. రంగం వెళ్ళినవాడు ఎప్పుడో ఒకప్పుడు తిరిగి వచ్చేవాడు. ఫిజీ వెళ్ళినవాడిలో సగం కథ ఊళ్ళో ఆగిపోయేది.

వారు వేలిముద్ర వేసిన అగ్రిమెంటు వారి నోట ‘గిర్మిట్’ అయింది, వారు గిర్మిటియాలయ్యారు. అయిదేళ్ళ ఒప్పందం. వారానికి అయిదున్నర రోజుల పని, రోజుకు తొమ్మిది గంటలు. మగవాడికి రోజుకు ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. అదీ ఆ రోజు కొలిచి ఇచ్చిన పని పూర్తి చేస్తేనే. కొలత వేసేవాడు కంపెనీ మనిషే కాబట్టి పూర్తి కాని రోజులే ఎక్కువ. ఉండటానికి కూలీ లైన్లు: పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు గది, ఒంటరి మగవాళ్ళయితే ముగ్గురికి, లేదా ఒక కుటుంబానికి. పని ఎగ్గొడితే జీతం కోత కాదు, కోర్టు, జరిమానా, జైలు. నూరుమంది మగవారికి నలభైమంది ఆడవారిని పంపాలన్నది నియమం. ఆ లెక్కలో నుంచి ఎన్ని కష్టాలు, ఎన్ని ఘోరాలు పుట్టాయో వేరే రాయక్కర్లేదు.

చెరకు తోటలో పనిచేసిన వారికి తెలుస్తుంది, చెరకు తియ్యదనం నమిలేవాడికే గాని కొట్టేవాడికి కాదని. ఆకు అంచు రంపంలా చేతులు కోస్తుంది. వుయ్యూరు వైపు మా మేనమామ గారి చెరకు తోటలో సెలవుల్లో నేను సరదాకి కత్తి పట్టుకుని ఒక పూటలో అరచేతులు బొబ్బలెక్కించుకున్నాను. సాయంత్రం అత్తయ్య నూనె రాసి, వేడి బెల్లప్పాకం ఆకులో వేసి ఇచ్చింది. లౌతోకా లైన్లలో అరచేతికి నూనె రాసేవారు ఎవరున్నారు?

మా ఆస్పత్రిలో పనిచేసే ఒక సీనియర్ నర్సు ఫిజీలో పుట్టిపెరిగిన ఆవిడ. పేరు చివర నాయుడు అని చూసి చాలా ఏళ్ళ కిందట ఒకరోజు తెలుగులో పలకరించాను. ఆవిడ నవ్వి, తెలుగు రాదని ఇంగ్లీషులో చెప్పింది. ఇంట్లో మాట్లాడేది ఫిజీ హిందీ. కాని తాత, అమ్మ, పులుసు, రసం అన్న మాటలు మాత్రం ఉన్నాయట. మా అమ్మాయి జెండా సంగతి చెప్పినప్పుడు ఆవిడ తన తాతగారి వలస పాసు నకలు తెచ్చి చూపించింది. ఆ కాగితంలో పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చ, జిల్లా, ఊరు అన్నీ రాసి ఉంటాయి. జిల్లా విశాఖపట్నం అని స్పష్టంగా ఉంది. ఊరి పేరు మాత్రం రాసుకున్న గుమాస్తా చెవికి ఎలా వినిపించిందో అలా ఉంది. ఇద్దరం కూర్చుని నాలుగు రకాలుగా పలికి చూశాం. ఏ పటంలోనూ దొరకలేదు. “మా తాతకి ఎత్తు ఎంతో తెలుసు, మచ్చ ఎక్కడుందో తెలుసు, ఊరు తెలీదు” అంది ఆవిడ.

1908లో లండన్‌లో డాలు మీద మూడు చెరకు గడలు గీసినప్పుడు, వాటిని గౌరవంగా మొదటి గదిలో నిలబెట్టినప్పుడు, మద్రాసు నుంచి ఓడలు ఇంకా బయలుదేరుతూనే ఉన్నాయి. మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడుంది. మనవాళ్ళు జెండాలో ఉన్నారు. కాని మనుషులుగా లేరు, పంటగా ఉన్నారు.

ఒకే ఏడాది, రెండు సంగతులు

జెండా అనగానే మా జిల్లా వారికి పింగళి వెంకయ్య గారు గుర్తురాక మానరు. భట్లపెనుమర్రులో పుట్టి, బోయర్ యుద్ధం చూసి, పత్తి పంట మీద పరిశోధనలు చేసి ‘పత్తి వెంకయ్య’ అని పేరు పొందిన ఆయన, భారతదేశానికి ఒక జాతీయ పతాకం ఉండాలంటూ ముప్పై నమూనాలతో ఇంగ్లీషులో పుస్తకం ప్రచురించినది 1916లో. గిర్మిట్ కూలీలతో చివరి ఓడ సట్లెజ్ ఫిజీ చేరినది కూడా 1916 లోనే, నవంబరు 11న. కృష్ణా జిల్లాలో ఒకాయన దేశానికి జెండా గీస్తుంటే, అదే జిల్లా వారు ఇంకొకరి జెండా కింద చెరకు నరుకుతున్నారు.

1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో వెంకయ్య గారు గాంధీగారికి అందించిన పతాకంలో ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉంది. గాంధీగారి మాట మీద తెలుపు చేరింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో రాట్నం స్థానంలో అశోక చక్రం వచ్చింది. నేను చెప్పదలచుకున్నది రాట్నం గురించి. పేదవాడి చేతి పనిముట్టును జెండా మధ్యలో పెట్టాలనుకున్నవారు ఆ పేదవాడి పక్షాన నిలబడినవారు. ఫిజీ డాలు గీసినవారికి కావలసింది చెరకు. కత్తి పట్టుకున్న చెయ్యి వారికి కనిపించలేదు.

ఆ చెయ్యిని చూపించినవారు ఇంకొందరున్నారు. గిర్మిటియాగా వెళ్ళి 21 ఏళ్ళు ఉండి వచ్చిన తోతారామ్ సనాఢ్య 1914లో తన అనుభవాల్ని హిందీలో పుస్తకంగా వెలువరించాడు. సి.ఎఫ్. ఆండ్రూస్ 1915లో స్వయంగా వెళ్ళి చూసి వచ్చి దేశమంతా చెప్పాడు. చివరికి 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి.

మారని జెండా

రద్దయ్యాక చాలామంది అక్కడే ఉండిపోయి కౌలుకు భూమి తీసుకుని సొంతంగా చెరకు వేశారు. సాధు కుప్పుస్వామి నాయకత్వంలో 1926లో నాందిలో దక్షిణాది వారందరికీ కలిపి ‘తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం’ ఏర్పడింది, బడులు కట్టింది. 1941లో తెలుగువారు ‘దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం’ పెట్టుకున్నారు. శనివారం తెలుగు బడికి పిల్లల్ని లాక్కెళ్ళడం మనమే కనిపెట్టామనుకుంటాం. పగలల్లా చెరకు కొట్టి వచ్చి బడి కోసం చందాలు పోగుచేసినవారు మనకంటే ముందున్నారు.

చెరకు ధర కోసం వారు దశాబ్దాల పాటు కంపెనీతో పోరాడారు. 1943లో కోతలు ఆపి సమ్మె చేశారు. చివరికి ఇంగ్లండు నుంచి న్యాయమూర్తి లార్డ్ డెన్నింగ్ వచ్చి, చక్కెర రాబడిలో నూటికి 65 వంతులు రైతుకు రావాలని తీర్పు ఇచ్చింది 1970లో. కంపెనీ ఆ తీర్పుతో వ్యాపారం గిట్టదని 1973లో ఫిజీ వదిలి వెళ్ళిపోయింది. చెరకు దేశపు జెండా మీదికి వచ్చిన ఏడాదే చెరకు వేసినవాడికి న్యాయం దక్కిందన్నమాట.

ఆ జెండాకు పోటీ పెట్టారు. టెస్సా మెకెంజీ అనే ఆవిడ, రాబీ విల్‌కాక్ అనే ఆయన గీసిన నమూనాలు నెగ్గాయి. పాత వలస జెండాలోని ముదురు నీలం పోయి సముద్రపు లేత నీలం వచ్చింది. డాలు అలాగే ఉంది. సరిగ్గా 96 ఏళ్ళ తరవాత, అప్పగింత జరిగిన తేదీనే, అక్టోబరు 10న, సువా నగరంలో ఆ జెండా ఎగిరింది.

కాని ఆ జెండా నీడ అందరికీ ఒకేలా పడలేదు. 1987 ఎన్నికల్లో భారతీయుల మద్దతుతో తిమోచి బవాంద్రా ప్రభుత్వం వచ్చింది. నెల తిరిగేసరికి మే 14న లెఫ్టినెంట్ కల్నల్ సితివేని రంబూకా సైనికులతో పార్లమెంటులోకి నడిచి ప్రభుత్వాన్ని పడగొట్టాడు. లియోనిడాస్ ఓడ వచ్చిన తేదీ అదే; 108 ఏళ్ళ తరవాత. మా భూమి మా చేతుల్లోంచి పోతుందేమోనన్న మూలవాసుల భయం అందుకు వాడుకున్నారు. ఆ భయాన్ని మనం తేలిగ్గా కొట్టిపారేయకూడదు. పొంగు జ్వరంతో, అప్పులతో, అప్పగింతతో అంత పోగొట్టుకున్న జాతి అది. కాని శిక్ష పడింది చెరకు వేసినవాడి మనవలకు. అదే ఏడాది అక్టోబరులో ఫిజీ గణతంత్రమైంది. రాణి పోయింది, జెండాలో రాణి గారి యూనియన్ జాక్ మాత్రం ఉండిపోయింది!

1986 జనగణనలో ఫిజీ జనాభాలో 48.7 శాతం ఉన్న భారత సంతతి వారు 2007 నాటికి 37.5 శాతానికి తగ్గారు. సిడ్నీ, ఆక్లండ్, వాంకూవర్, మన కాలిఫోర్నియాలోని శాక్రమెంటో ప్రాంతానికి వెళ్ళిపోయారు. మా నర్సు కుటుంబం అలా వచ్చినదే. 1997 నుంచి ముప్పై ఏళ్ళ కౌళ్ళు తీరడం మొదలై చాలామంది చెరకు రైతులు పొలాలు వదులుకోవలసి వచ్చింది.

ఇంత చేదులోనూ చెప్పుకోదగ్గ మనిషి ఒకరున్నారు. లౌతోకాలో 1937లో పుట్టిన న్యాయవాది జైరామ్ రెడ్డి. 1987లో కూలిన ప్రభుత్వంలో ఆయన అటార్నీ జనరల్. తమను కూలదోసిన రంబూకాతోనే పదేళ్ళ తరవాత ఎదురెదురుగా కూర్చుని, అందరికీ చోటుండే 1997 రాజ్యాంగానికి రూపమిచ్చారు. ఆ ఏడాది మూలవాసుల మహానాయక సభలో మాట్లాడిన మొదటి భారతీయ నాయకుడు ఆయనే. 1999 ఎన్నికల్లో ఆయన పార్టీకి ఒక్క సీటూ రాలేదు. 2000లో మళ్ళీ తిరుగుబాటు జరిగింది, ప్రధాని మహేంద్ర చౌదరిని 56 రోజులు బందీగా ఉంచారు. అయినా కోపం కన్నా కలిసి బతకడం ముఖ్యమని నమ్మిన జైరామ్ రెడ్డి వంటివారిని తలుచుకోవడం మన ధర్మం. ఆయన 2022లో కన్నుమూశారు.

2015లో అప్పటి ప్రధాని బైనిమరామా, వలస కాలపు గుర్తులు తీసేసి కొత్త జెండా తెద్దామన్నాడు. పోటీ పెట్టి 23 నమూనాలు ఎంపిక చేశారు. జనం రెండుగా చీలిపోయారు. ఇంతలో 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టింది. ఆగస్టులో రియో ఒలింపిక్స్ సెవెన్స్ రగ్బీలో ఫిజీ బ్రిటన్ జట్టును 43-7తో ఓడించి బంగారు పతకం తెచ్చింది; ఏ ఒలింపిక్స్‌లోనైనా ఆ దేశానికి అదే మొదటి పతకం. పాత జెండానే పట్టుకుని జనమంతా వీధుల్లోకి వచ్చారు. కొద్ది రోజులకే ప్రభుత్వం జెండా మార్చే ఆలోచన విరమించుకుంది. యూనియన్ జాక్ ఉన్న జెండాతో బ్రిటన్ మీద గెలిచారు! గీసినవారు ఎవరైనా, దానికి అర్థం చెప్పవలసింది దాన్ని పట్టుకున్నవారే.

2022 చివర్లో రంబూకా మళ్ళీ ప్రధాని అయ్యాడు, ఈసారి ఎన్నికల ద్వారా. 2023 మే 14న సువాలో జరిగిన సభలో 1987లో తాను చేసినదానికి భారత సంతతి వారిని క్షమాపణ అడిగాడు. ఆ ఏడాది నుంచి గిర్మిట్ దినం అక్కడ ప్రభుత్వ సెలవు రోజు. మా నర్సుని ఏమనిపించిందని అడిగాను. “మా నాన్న వినుంటే బాగుండేది” అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

అమ్మాయికి జవాబు

హెచ్-1 వీసా కూడా ఒక గిర్మిటేనని మన పార్టీల్లో జోకులు వేసుకుంటాం. నేనూ వేశాను. ఇంత చదివాక ఇక వేయను. మనం డిగ్రీలతో, తిరుగు టిక్కెట్టుతో, నెలకోసారి అమ్మకి ఫోన్ చేసుకుంటూ వచ్చినవాళ్ళం. వారు వేలిముద్రతో వెళ్ళారు. పోలిక లేదు. పోలిక ఉన్నదల్లా ఒక్కచోటే: తరవాతి తరం దగ్గర. మూడో తరానికి భాష పోయి నాలుగు మాటలు మిగలడం, ఊరి పేరు పలకడం రాకపోవడం. ఇది లైన్లలో మగ్గిన కూలీకైనా, డల్లెస్ విమానాశ్రయంలో దిగిన డాక్టరుకైనా ఒకే తీరున జరుగుతుంది.

అమెరికా జెండాలో పదమూడు పట్టీలు మొదటి రాష్ట్రాలకు, యాభై చుక్కలు ఇప్పటి రాష్ట్రాలకు. అందులోనూ మనకు వేరే గుర్తు లేదు, ఉండాలనీ కాదు. ఏ జెండా మీదా అందరి బొమ్మలూ పట్టవు. పట్టని సంగతి పిల్లలకు చెప్పవలసింది ఇంట్లో పెద్దలే. లేకపోతే చెరకు గడ చెరకు గడగానే మిగిలిపోతుంది.

అందుకని సభ్యులందరికీ ఒక చిన్న విన్నపం. ఈ పండగ సెలవుల్లో ఒక కాగితం తీసుకుని, మీ తాతముత్తాతల పేర్లు, ఊరు, తాలూకా, జిల్లా తెలుగులో, ఇంగ్లీషులో కూడా స్పష్టంగా రాసి పిల్లల చేతికివ్వండి. గుమాస్తా ఎవరో రాసిన స్పెల్లింగు మీద మన మనవలు ఆధారపడే గతి రాకూడదు.

మా అమ్మాయికి ఇదంతా ఒక ఆదివారం కూర్చోబెట్టి చెప్పాను. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. అంతా విని లోపలికి వెళ్ళి, అలమర వెనక నుంచి కిందటేడు చేసిన అట్ట జెండా తీసింది. దాన్ని తిరగేసి, చెరకు గడల వెనక వైపున నల్ల మార్కరుతో, వంకర టింకర తెలుగు అక్షరాలతో రాసింది: కృష్ణా, గోదావరి, విశాఖపట్నం, చిత్తూరు. ‘విశాఖ’లో వత్తు మరిచిపోయి ‘క’ రాసింది. నేను దిద్దబోతే, “నేనే దిద్దుకుంటా నాన్నా” అని మార్కరు లాక్కుంది.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.